రెండో చరణంలో ఒక టక్

టాడ్‌మోర్డెన్ టౌన్‌హాల్లో ఆదివారం రికార్డుల సంత.
బయట వాన. లోపల తడిసిన ఉన్నికోట్ల వాసన,
అట్టపెట్టెల మీదికి వంగిన బట్టతలలు.

నోరిస్ ఎంట్‌విసిల్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
ఏడంగుళాల నల్ల బిళ్లని ట్యూబులైటు కింద వాలుస్తాడు.
చూసేది పేరు కాదు, లేబుల్ రంగు కాదు;
పాట అయిపోయాక సూది ఊరికే తిరిగే
ఆ నున్నటి ఖాళీ జాగా.

జాతకం అక్కడుంటుంది.
ఈ పాటకైతే, అచ్చు గుద్దిన అంకెలుంటే డెట్రాయిట్ సొత్తు.
మేకుతో గీకిన వంకర అంకెలుంటే
ఏ షెడ్డు వెనకో రాత్రిపూట పుట్టింది.
చేతిరాతే తలరాత.

డెబ్బయ్యారులో అతనికి పందొమ్మిదేళ్లు,
గోళ్ల సందుల్లో నెల్సన్ మగ్గాల నూనె.
స్టేషన్ మెట్ల మీద ఒకడు
కోటు లోపలి జేబులోంచి తీసి చూపించాడు.
వారం కూలి ఇచ్చేసి, ఇంటికి నడిచొచ్చాడు నోరిస్,
బస్సుకి కూడా మిగల్లేదు.
లేబుల్ మీద లవెర్న్ టాలీ పేరు తప్పు పడింది.
అప్పుడు అదీ ముద్దుగానే ఉంది.

రెండో చరణంలో, "నువ్వు" అనే మాట ముందు,
టక్.
ఎవరిదో అసలు రికార్డు మీది గీత
దాన్ని చూసి పోసిన వెయ్యి నకళ్లలోనూ దిగింది.
మా ఊరి క్లబ్బులో డీజే కూడా
లేబుల్ మీద తెల్లకాగితం అంటించి అదే వేసేవాడు.
నేల మీద టాల్కం పౌడరు, తోలు అడుగుల బూట్లు,
టక్ అనగానే
నూట యాభై మంది ఒంటికాలి మీద గిర్రున.

ఎనభై మూడులో డెస్మండ్ కెర్షా వేలుపెట్టి చూపించాడు:
"ఇది దొంగముద్ర, నాయనా."
అందరి ముందూ. నవ్వుతూ.
డెస్మండ్ దగ్గర అసలుంది మరి.

ఇప్పుడు డెస్మండ్ లేడు.
అతని పెట్టెలు చెల్లెలు ఐరిస్ అమ్ముతోంది, నా పక్క బల్ల మీద.
నోరిస్ కారమ్మిన డబ్బు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టి
నా బ్యాటరీ ప్లేయరు అరువడిగాడు.

ఎంత తేటగా ఉందో!
తంబురీన్ గలగల విడిగా, ట్రంపెట్లు విడిగా,
పాడే ముందు లవెర్న్ ఊపిరి తీసుకోవడం కూడా.
(ఆవిడకి అసలు మీదే పైసా రాలేదట,
ఇక నకలు మీద ఎక్కడిది?
సిటీ బస్సు నడిపి పెన్షన్ తీసుకుందని విన్నాను.)

రెండో చరణం.
నోరిస్ కుడి మడమ దానంతటదే లేచింది.
"నువ్వు" వచ్చింది, వెళ్లిపోయింది.
చీకట్లో లేని మెట్టు మీద అడుగేసినవాడిలా
కాలు అలా గాల్లో ఉండిపోయింది.

"బాగుందా?" అంది ఐరిస్.
"శుభ్రంగా ఉంది," అన్నాడు,
ఆసుపత్రి గచ్చు గురించి చెప్పినట్టు.

డెట్రాయిట్‌లో ఏ వంటగదిలో
ఎవరి మోచెయ్యి తగిలిందో ఆ సూదికి.
చేపలు వేపుతోందో, పిల్లాణ్ణి ఎత్తుకుందో.
అయ్యో అనుకునే ఉంటుంది.

నోరిస్ సంచిలోంచి పాతది తీశాడు,
సరిచూసుకోవడానికి తెచ్చుకున్నది.
ఏమీ అనకుండా నాకిచ్చాడు.
గొంతు కాస్త మూసుకుపోయినట్టు, జలుబు చేసినట్టు,
లవెర్న్ మొదలుపెట్టింది.

టక్.

మూడు బల్లల అవతల ఎవరిదో తల లేచింది.
ఐరిస్ చిల్లర లెక్కపెట్టడం ఆపింది.
"అరె, మా అన్న ఇంట్లో వేసేది ఇదే.
గిన్నెలు తోముతూ దాని దగ్గర తిరిగేవాడు.
మీరు కొన్నది నేనెప్పుడూ వినలేదు,
తొడుగే తీసేవాడు కాదు."

నోరిస్ ఆమె వంక చాలాసేపు చూశాడు.
బ్యాటరీలు అయిపోవచ్చాయి, పాట కొంచెం సాగుతోంది.
అయినా సూది ఎత్తి
మళ్లీ మొదట్లో పెట్టాను.